‘ఈ వాషింగ్ మెషీన్‌లో మనుషులను వేయరాదు’: వింత హెచ్చరికల వెనక ఉన్న లెక్క

పిల్లలను కూర్చోబెట్టి తోసే స్ట్రోలర్ మీద ‘మడిచే ముందు బిడ్డను బయటికి తీయండి’ అని ఉంటుంది. మూడు ఉక్కు కొక్కేలు వేలాడే గాలపు ఎర మీద ‘మింగితే హానికరం’. టాయిలెట్ బ్రష్ మీద ‘ఒంటి శుభ్రతకు వాడరాదు’. వాషింగ్ మెషీన్ మీద ‘ఇందులో మనుషులను వేయరాదు’. ఒక చిన్న ట్రాక్టర్ మీద ఏకంగా ‘ప్రమాదం: చావును తప్పించుకోండి’ అని ఉంది. సలహా మంచిదే.

ఇవేవీ కల్పించినవి కావు. అమెరికాలోని మిషిగన్ లాసూట్ అబ్యూస్ వాచ్ అనే సంస్థ 1997లో మొదలుపెట్టిన వింత హెచ్చరికల పోటీ ఇలాంటివాటినే వెలికితీసి ప్రచారంలోకి తెచ్చింది. ఆ సంస్థ పోటీ పెట్టింది నవ్వించడానికి మాత్రమే కాదు. నష్టపరిహారపు దావాలు శ్రుతి మించాయని, వాటికి కళ్లెం వేయాలని వాదించే సంస్థ అది. జాబితా చదివేటప్పుడు ఆ సంగతి గుర్తుండాలి. వాట్సాప్‌లో తిరిగే వాటితో ఇంకో చిక్కు ఉంది, కొన్ని శుద్ధ కట్టుకథలు. తడిసిన పెంపుడు పిల్లిని మైక్రోవేవ్‌లో ఆరబెట్టి, అది చచ్చిపోతే కంపెనీ మీద గెలిచిన ఆవిడ కథ. క్రూజ్ కంట్రోల్ (బండి వేగాన్ని దానంతటదే నిలిపి ఉంచే ఏర్పాటు) పెట్టి, కాఫీ కలుపుకోవడానికి బండి వెనక్కి వెళ్లి కోట్లు సంపాదించినాయన కథ. ఏ కోర్టు రికార్డులోనూ ఇవి దొరకవు.

నిజమైనవాటిని కూడా ఒక్క గాటన కట్టలేం. కొన్ని కొనేవారి కోసం రాసినవే కావు, కోర్టు కోసం రాసినవి. కొన్ని ప్రమాణాల పుస్తకం నుంచి ఉన్నదున్నట్టు ఎత్తి అచ్చువేసినవి. మిగతావి పసిప్రాణాలు పోయాక పుట్టినవి. ఆ మరణాల సంగతి తెలియదు కాబట్టే అవి మనకు వింతగా కనబడతాయి.

జ్యూరీ కోసం రాసిన వాక్యాలు

అమెరికా చట్టంలో వస్తువు లోపాలు మూడు రకాలు. తయారీలో జరిగిన తప్పు, డిజైన్‌లోనే ఉన్న తప్పు, సరైన సూచనో హెచ్చరికో ఇవ్వకపోవడం. మూడోది కూడా లోపమే. అంటే వస్తువు ఎంత బాగా పనిచేసినా, దానితో వచ్చే ముప్పు చెప్పకపోతే ఆ వస్తువు లోపభూయిష్టమైనదని వాదించవచ్చు. న్యాయనిపుణుల సంస్థ అమెరికన్ లా ఇన్‌స్టిట్యూట్ 1965లో వెలువరించిన రెండో సూత్రావళిలోని 402ఏ సెక్షన్ ఈ బాధ్యతకు పునాది. దాని వ్యాఖ్యానంలో ఒక వాక్యం కంపెనీలకు వరమైంది. హెచ్చరిక ఇచ్చాక కొనుగోలుదారు దాన్ని చదివి పాటిస్తాడని అమ్మకందారు అనుకోవచ్చన్నది దాని సారాంశం. అచ్చు వేస్తే చాలు, కవచం దొరికినట్టే అని లాయర్లు అర్థం చేసుకున్నారు. 1998లో వచ్చిన మూడో సూత్రావళి ఈ ధోరణిని తప్పుపట్టింది. సురక్షితమైన డిజైన్ సాధ్యమైనప్పుడు హెచ్చరిక దానికి బదులు కాదని చెప్పింది. అప్పటికి అలవాటు ముదిరిపోయింది.

అందరికీ తెలిసిన ప్రమాదానికి హెచ్చరిక అక్కర్లేదన్న సూత్రమూ అక్కడ ఉంది. కత్తి కోస్తుందని కత్తి మీద రాయనవసరం లేదు. కానీ ఏది అందరికీ తెలిసినదో తేల్చేది చాలాసార్లు జ్యూరీ, అంటే కోర్టులో కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం. వాళ్లు ఏమంటారో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఒక వాక్యం అదనంగా అచ్చువేయడానికి అయ్యే సిరా ఖర్చు లెక్కలోకే రాదు. ఓడిన కేసు ఖర్చు లక్షల డాలర్లు. కంపెనీ న్యాయవిభాగానికి ఇంతకంటే తేలికైన లెక్క ఉండదు.

జాబితా పెరిగే తీరు కూడా గమనించదగ్గది. వచ్చిన ఫిర్యాదులు, పాత కేసులు, ‘జనం ఇలా కూడా వాడవచ్చు’ అని ఊహించగల దుర్వినియోగాలు ఒక్కొక్కటే ఒక్కో వాక్యమవుతాయి. చేర్చడం సులువు. తీసేయడమే కష్టం. ఈ ఏడాది ఒక హెచ్చరిక తీసేసి, వచ్చే ఏడాది సరిగ్గా అదే ప్రమాదం జరిగితే ‘ముప్పు ఉందని తెలిసి కూడా ఎందుకు తీసేశారు?’ అన్న ప్రశ్నకు బోనులో జవాబు చెప్పుకోవాలి. అందుకే మాన్యువల్‌లో మొదటి రెండు మూడు పేజీలు ఎప్పుడూ సన్నబడవు.

ఈ చర్చ ఎక్కడ మొదలైనా కాఫీ కేసు దగ్గరికి చేరుతుంది. 1992 ఫిబ్రవరిలో న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీలో 79 ఏళ్ల వృద్ధురాలు మెక్‌డొనాల్డ్స్‌లో 49 సెంట్ల కాఫీ కొన్నారు. ఆగి ఉన్న కారులో మూత తీయబోతే కాఫీ ఒళ్లో ఒలికింది. ఇక్కడి వరకే విని నవ్వేవాళ్లే ఎక్కువ. ఆ కాఫీ వడ్డించేది 82 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ వేడిలో. ఆ వేడికి కొన్ని సెకన్లలోనే చర్మం లోపలి పొరల దాకా కాలుతుంది. ఆమె ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు, చర్మం అతికించాల్సి వచ్చింది. అడిగింది 20,000 డాలర్లు, కంపెనీ ఇస్తానన్నది 800. అంతకుముందు పదేళ్లలో కాలిన గాయాల ఫిర్యాదులు ఏడు వందల దాకా వచ్చాయని విచారణలో బయటపడింది. 1994లో జ్యూరీ ఆమె తప్పు కూడా 20 శాతం ఉందని లెక్కగట్టి పరిహారాన్ని 1,60,000 డాలర్లకు తగ్గించింది, దండనగా మరో 27 లక్షల డాలర్లు వేసింది. జడ్జి ఆ దండనను 4,80,000కు కుదించారు. చివరికి ఇరుపక్షాలు బయట రాజీ పడ్డాయి.

ఇందులో చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. ఆ కప్పు మీద అప్పటికే హెచ్చరిక ఉంది, చిన్న అక్షరాల్లో. అసలు గొడవ లేబుల్ గురించి కాదు, వేడి గురించి. అయినా కేసు నుంచి పరిశ్రమ నేర్చుకున్న పాఠం మాత్రం కప్పు మీద ‘వేడిగా ఉంటుంది’ అని పెద్దగా రాయడం.

భద్రతా ఇంజనీర్ల వరుస ఇందుకు సరిగ్గా తలకిందులు. ముందు ప్రమాదాన్ని డిజైన్‌లోనే తీసేయాలి. కుదరకపోతే అడ్డు కట్టాలి. అదీ చాలకపోతేనే హెచ్చరించాలి. మైక్రోవేవ్ తలుపు తీయగానే లోపలి ఇంటర్‌లాక్ స్విచ్‌లు కరెంటు తెంచేస్తాయి. అందుకే ‘తలుపు తెరిచి ఉండగా ఆన్ చేయకండి’ అన్న వాక్యాన్ని ఎవరూ చదవకపోయినా ఏమీ కాదు. హెయిర్ డ్రయ్యర్ వైరుకు వేలాడే ట్యాగ్ దీనికి మరో సాక్ష్యం. ‘నిద్రపోతూ వాడకండి’ అన్నది చూసి నవ్వుతాం. అది కంపెనీ బుర్రలో పుట్టింది కాదు, యూఎల్ అనే అమెరికా భద్రతా సంస్థ ప్రమాణంలోని సూచనల వరుస. అదే ట్యాగ్ మీద ‘స్విచ్ ఆపి ఉన్నా లోపలి భాగాల్లో కరెంటు ఉంటుంది’ అన్న మాట బంగారం లాంటిది. ప్లగ్గులో ఉన్న డ్రయ్యర్ స్నానపు తొట్టిలో పడి మనుషులు చనిపోవడానికి కారణమదే. ఈ మరణాలు బాగా తగ్గింది ట్యాగ్ వల్ల కాదు. నీళ్లు తగలగానే కరెంటు తెంచే పరికరాన్ని ప్లగ్గులోనే పెట్టాలని 1991లో వచ్చిన నిబంధన వల్ల.

‘తినరాదు’ అన్న మూడు పొట్లాలు

బూట్ల పెట్టెలో, విటమిన్ సీసాలో, కెమెరా బ్యాగులో కనబడే తెల్ల పొట్లం మీద ‘తినరాదు’ అని ఉంటుంది. బూట్ల పెట్టెలో దొరికినదాన్ని ఎవరు తింటారని అనిపించడం సహజమే. అది సిలికా జెల్, ఇసుకలో ఉండే సిలికాకే మరో రూపం. తేమను పీల్చుకుంటుంది, విషం కాదు. పిల్లలు మింగితే గొంతుకు అడ్డం పడుతుందన్నదే అసలు భయం. రంగు మారే రకం మాత్రం వేరు. తేమ తగిలితే నీలం నుంచి గులాబీకి మారే గింజల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషపదార్థమే.

చిక్కంతా ఇదే ముద్రను మిగతా పొట్లాలూ పంచుకోవడంలో ఉంది. మిఠాయిల డబ్బాలో, కేకుల ప్యాకెట్లో ఉండే మరో రకం పొట్లంలో ఇనుప పొడి ఉంటుంది. అది తుప్పు పడుతూ లోపలి ఆక్సిజన్‌ను తాగేస్తుంది, బూజు పట్టనివ్వదు. మూడోది కాల్షియం ఆక్సైడ్, అంటే పొడి సున్నం. జపాన్, కొరియా, చైనా నుంచి వచ్చే సముద్రపు నాచు రేకుల ప్యాకెట్లలో ఎక్కువ. దీనికి నీళ్లు తగిలితే మరిగేంత వేడి పుడుతుంది. పిల్లలు చింపితే కళ్లు, నోరు కాలతాయి, తడి చెత్తలో వేస్తే పొగ కూడా రావచ్చు. మూడింటి మీదా ఒకటే మాట: తినరాదు. నిజానికి మూడోదాని మీద ఉండాల్సింది ‘తడి తగలనివ్వకండి, కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్లతో కడగండి’ అన్న మాట. కొన్నిటి మీద ఉంటుంది కూడా, తెలియని భాషలో. పొట్లం గట్టిగా, బరువుగా ఉండి, లోపల గింజలు కాక పొడి తగులుతుంటే చింపకుండా పొడి చెత్తలో వేయడం మేలు.

బకెట్టు మీద బొమ్మ

అమెరికాలో రంగులు, రసాయనాలు వచ్చే 19 లీటర్ల బకెట్ల మీద ఒక బొమ్మ ఉంటుంది. పసివాడు తలకిందులుగా బకెట్లో పడుతున్నట్టు. ఇంగ్లిష్‌లో, స్పానిష్‌లో హెచ్చరిక. మొదటిసారి చూసినవారికి అతి జాగ్రత్తలా అనిపిస్తుంది. 1984 తర్వాత కొన్నేళ్లలోనే రెండు వందలకు పైగా పిల్లలు బకెట్లలో మునిగి చనిపోయినట్టు అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్‌కు నివేదికలు అందాయి. పాకే వయసు నుంచి నిలబడే వయసు దాకా ఉన్న పిల్లలే ఎక్కువ. ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. అంచు పట్టుకుని లోపలికి వంగితే బరువు ముందుకే తూగుతుంది. ఖాళీ బకెట్ అయితే పిల్లాడితోపాటు పక్కకు ఒరిగిపోతుంది. నీళ్లున్న బకెట్ కదలదు. తిరిగి పైకి లేచే బలం ఆ చేతులకు ఉండదు. తల కిందికి ఉండటంతో కేక కూడా వినబడదు. అడుగున జానెడు నీళ్లు కూడా అక్కర్లేదు.

మన స్నానాల గదుల్లో రాత్రే నింపిపెట్టే బకెట్లకు ఇదంతా అక్షరాలా వర్తిస్తుంది. వాటిలో చాలావాటి మీద ఈ బొమ్మ ఉండదు. నవ్వుకునే లేబుల్‌కు, లేని లేబుల్‌కు మధ్య ఏది ఎక్కువ అవసరమో ఇక్కడ తేలిపోతుంది.

ప్లాస్టిక్ కవర్ల మీద ‘ఇది ఆటవస్తువు కాదు’ అని ఉండటానికి కారణం ఇంకా పాతది. 1950ల చివర్లో లాండ్రీలు బట్టల మీద పల్చటి పాలిథిన్ సంచులు తొడిగి ఇవ్వడం మొదలుపెట్టాయి. ఇళ్లలో కొందరు వాటిని పారేయకుండా పసివాళ్ల పరుపులకు తొడిగారు. 1959లో అమెరికాలో ఇలా ఊపిరాడక పదుల సంఖ్యలో శిశువులు చనిపోయారు. పల్చటి ఫిల్మ్‌కు స్థిర విద్యుత్తు ఉంటుంది, ఊపిరి తేమ తోడై ముక్కుకూ నోటికీ అతుక్కుంటుంది. నెలల బిడ్డకు తల తిప్పుకునే శక్తి ఉండదు. ఆ తర్వాతే ఫిల్మ్ మందం పెంచడం, చిల్లులు పెట్టడం, హెచ్చరిక అచ్చువేయడం మొదలయ్యాయి.

ఇప్పుడు ఇది మన ఎగుమతిదారులకు రోజువారీ పని. అమెజాన్ అమెరికా గోదాములకు సరుకు పంపేటప్పుడు కవరు మూతి 5 అంగుళాలు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఊపిరాడని ప్రమాదం గురించి హెచ్చరిక ఉండాలి. కవరు మందం కనీసం 1.5 మిల్, అంటే దాదాపు 0.038 మిల్లీమీటర్లు. అక్షరాల సైజు కవరు పొడవు వెడల్పులు కూడితే వచ్చే మొత్తాన్ని బట్టి మారుతుంది. 30 అంగుళాల లోపైతే 10 పాయింట్లు, 30 నుంచి 39 అయితే 14, 40 నుంచి 59 అయితే 18, 60, ఆపైన అయితే 24. చిన్న కవరుకు చేసిన డిజైన్‌నే పెద్ద కవరు మీద వాడేయడం ఇక్కడ తేలిగ్గా జరిగిపోయే పొరపాటు. వాక్యం సరిగ్గానే ఉంటుంది, అక్షరం సైజు దగ్గర సరుకు ఆగిపోతుంది.

అన్నిటి మీదా కాన్సరే

కాలిఫోర్నియాలో ఉంటున్న తెలుగువాళ్లకు ప్రాప్ 65 (ప్రొపొజిషన్ 65 అనే రాష్ట్ర చట్టం) బోర్డుల గురించి చెప్పనక్కర్లేదు. పార్కింగ్ లాట్, పెట్రోల్ బంకు, అపార్ట్‌మెంట్ గేటు, చెప్పుల పెట్టె, చివరికి డిస్నీల్యాండ్ ప్రవేశ ద్వారం దగ్గర కూడా కాన్సర్ కలిగించే రసాయనాలు ఉండవచ్చన్న హెచ్చరిక. 1986 నవంబర్‌లో ఓటర్లు ఆమోదించిన చట్టమిది. జాబితాలో రసాయనాలు సుమారు 900. పదిమంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న వ్యాపారాలకు వర్తిస్తుంది. ఉల్లంఘనకు రోజుకు 2,500 డాలర్ల దాకా జరిమానా. కేసు ప్రభుత్వమే వేయాలని లేదు, ప్రైవేటు వ్యక్తులూ వేయవచ్చు, వసూలైన జరిమానాలో నాలుగో వంతు వారికే.

అవసరం లేకపోయినా హెచ్చరిక పెట్టినందుకు ఏ శిక్షా లేదు. పెట్టకపోతే కేసు. ఇక ప్రయోగశాల పరీక్షల కంటే స్టిక్కరే చవక. సీసం (లెడ్) అనే లోహానికి పునరుత్పత్తి ముప్పు కింద పెట్టిన పరిమితి రోజుకు 0.5 మైక్రోగ్రాము, అంటే గ్రాములో ఇరవై లక్షల వంతు. పసుపు, మసాలా పొడులు దీన్ని దాటడం పెద్ద విషయం కాదు. హెచ్చరికలో ఏ రసాయనం, ఎంత, ఎలా ఒంట్లోకి చేరుతుంది అన్న ముక్క సరిగ్గా ఉండేది కాదు. 2018 ఆగస్టు నుంచి పసుపు త్రికోణంతో, కనీసం ఒక రసాయనం పేరుతో కొత్త నమూనా వచ్చినా, పేరు చెప్పకుండా వదిలేయగల పొట్టి నమూనా కూడా అప్పట్లో పక్కనే ఉంచారు. అందరూ పొట్టిదాన్నే పట్టుకున్నారు.

ఈ తర్కం ఎంత దూరం పోయిందంటే, గింజలు వేయించేటప్పుడు పుట్టే అక్రిలమైడ్ అనే రసాయనం వల్ల కాఫీకి కూడా కాన్సర్ హెచ్చరిక కావాలని 2018 మార్చిలో లాస్ ఏంజిలిస్ జడ్జి ఒకరు చెప్పారు. కాఫీ వల్ల అలాంటి ముప్పు పెరుగుతుందనడానికి ఆధారం లేదని రాష్ట్ర సంస్థే ప్రత్యేక నిబంధన తెచ్చి 2019 అక్టోబర్ 1 నుంచి కాఫీని మినహాయించాల్సి వచ్చింది. కప్పు మీద వేడి హెచ్చరిక మాత్రం అలాగే ఉంది.

మన చట్టం, మన సీసాలు

మన దేశంలో ఈ వింతలు తక్కువ కావడానికి కారణం మన తెలివితేటలు కాదు, చట్టం అల్లిక. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సరైన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోతే తయారీదారు బాధ్యుడే. ఆ నిబంధనలు 2020 జూలైలో అమల్లోకి వచ్చాయి. కానీ అదే చట్టంలోని 87వ సెక్షన్ ఒక తలుపు తెరిచి ఉంచింది. స్పష్టంగా కనబడే, అందరికీ తెలిసిన, లేదా ఆ వస్తువు స్వభావాన్ని బట్టి తెలిసి ఉండాల్సిన ప్రమాదం గురించి చెప్పలేదని తయారీదారును పట్టుకోకూడదు. పైగా వినియోగదారుల కమిషన్లలో జ్యూరీ ఉండదు. కాబట్టి ‘ఒంటి మీద ఉండగా బట్టలు ఇస్త్రీ చేయకండి’ అన్న ముద్ర ఇక్కడ కనబడితే అది విదేశీ మాన్యువల్ నుంచి వచ్చిందే అయి ఉంటుంది.

మనకు అనవసరంగా కనబడుతూ నిజంగా పనికొచ్చేది కిరాణా కొట్టులో ఉంది. దీపారాధన నూనె సీసా మీద, హారతి కర్పూరం డబ్బా మీద ‘తినడానికి కాదు’ అని రాసి ఉంటుంది. దేవుడి సామాను తినేదెవరు? కానీ లడ్డూలో వేసే పచ్చకర్పూరమూ హారతి కర్పూరమూ ఒకే అరలో ఉంటాయి, దీపం నూనె సీసా అచ్చం వంటనూనె సీసాలా ఉంటుంది. హారతి కర్పూరం చిన్నపిల్లల నోట్లో పడితే మూర్ఛ తెప్పిస్తుంది. ఇలా తిండి పదార్థంలా అమ్ముతూ తినడానికి ఉద్దేశించనివాటి మీద నల్ల అంచు చదరంలో నల్లటి ‘ఇంటూ’ గుర్తు ఉండాలని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఆకుపచ్చ చుక్క తెలిసినంతగా ఈ గుర్తు ఎవరికీ తెలియదు.

రంగుల విషయంలో పురుగుమందు డబ్బా మరీ కీలకం. దాని మీద వజ్రాకారపు గుర్తులో కింది త్రికోణం రంగే విషం స్థాయి. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. ఎరుపంటే నోటి ద్వారా ఇస్తే పరీక్షించిన జంతువుల్లో సగాన్ని చంపే మోతాదు కిలో శరీర బరువుకు 50 మిల్లీగ్రాముల లోపు. ఆకుపచ్చ అంటే 5,000 పైన. ఆకుపచ్చ కూడా విషమే, కాస్త తక్కువ విషం, అంతే. కిరాణా ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్కకు అలవాటుపడిన కన్ను దీన్ని వేరేలా చదివే ప్రమాదముంది. మాటలూ అంతే. అమెరికా ప్రమాణంలో ‘డేంజర్’ అన్నిటికంటే పై మెట్టు, దాని కింద ‘వార్నింగ్’, అంతకంటే కింద ‘కాషన్’. మన పురుగుమందుల్లో ఎరుపు, పసుపుల మీద ‘పాయిజన్’ ఉంటుంది, ‘డేంజర్’ అన్నది నీలానిది, అంటే మూడో మెట్టు. దిగుమతి యంత్రం మీద చదివిన అర్థంతో ఇక్కడ చదివితే లెక్క తప్పుతుంది.

చివరగా, పల్లీల ప్యాకెట్ మీద ‘పల్లీలు ఉన్నాయి’ అన్న ముద్ర. నిజానికి అది తప్పనిసరి కాదు. అమెరికా చట్టానికి పదార్థాల జాబితాలో పేరు ఉంటే చాలు. వస్తువు పేరులోనే అలర్జీ కారకం తెలిసిపోతే వేరుగా చెప్పనక్కర్లేదని ఐరోపా నిబంధన కూడా అంటుంది. అయినా కంపెనీలు ఒకే డిజైన్‌ను అన్ని ప్యాకెట్లకూ వాడతాయి కాబట్టి మిగిలిపోతుంది. నవ్వాల్సింది దీన్ని చూసి కాదు, లేనిచోటు చూసి కంగారుపడాలి. ఐరోపా జాబితాలోని 14 అలర్జీ కారకాల్లో ఆవాలు, నువ్వులు రెండూ ఉన్నాయి. అమెరికా జాబితాలో నువ్వులు 2023 జనవరి 1 నుంచి చేరాయి, ఆవాలు లేవు. నువ్వుల నూనె పోసిన ఆవకాయను, ఐరోపా జాబితానే పాటించే లండన్‌లో అమ్మాలంటే పదార్థాల్లో ఆవపిండి, నువ్వుల నూనె రెండూ ముద్దక్షరాల్లోనో మరోలానో ప్రత్యేకంగా కనబడాలి. ఎక్కువమంది మరిచేది ఇంగువ. మార్కెట్లో దొరికే ఇంగువలో చాలా రకాలు గోధుమ పిండి కలిపినవే. అలాంటి ఇంగువ పడిన సాంబారు పొడి, నల్లకారం, పులిహోర పేస్టు అన్నిటిలోనూ గోధుమ ఉన్నట్టే, లేబుల్ మీద రాయాల్సిందే. బియ్యప్పిండితో చేసిన ఇంగువా దొరుకుతుంది. ఏది కొంటున్నారో డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.